ఏడొందల తొంభై నంబరు జబ్బు

మీ తాతయ్య తమ్ముడికి, అంటే మా మరిదికి, ఒకప్పుడు ఓ జబ్బుండేది. దాని పేరేంటో డాక్టరుకే తెలీదు. నంబరు మాత్రం మా వీధి మొత్తానికి తెలుసు. ఏడొందల తొంభై. అంకెల్లో వద్దు నాన్నా, అక్షరాల్లోనే రాయి. అందరూ నోరారా అలాగే పలికేవాళ్ళు దాన్ని.

అప్పుడు మేము నల్లపాడులో స్టేషను వెనక వీధిలో అద్దెకుండేవాళ్ళం. ఎనభైల్లో సంగతి. మీ తాతయ్య మిర్చి కమీషను కొట్లో గుమాస్తా. సీజన్లో ముందు వీధి మలుపులో తుమ్ములు వినపడేవి, తర్వాత ఆయన వచ్చేవాడు. నేను గుంటూరులో ఒక మిషను ఆసుపత్రిలో పనిచేసేదాన్ని. నర్సునని వీధిలో అందరూ అనుకుని జ్వరం గోళీలడిగేవాళ్ళు. నేను నర్సుని కాదు. రికార్డు రూములో జబ్బులకి నంబర్లేసేదాన్ని.

నవ్వకు. అదీ ఒక ఉద్యోగమే. రోగిని చూడటం అయిపోయాక ఆ కేసు షీటు నా బల్ల మీదికొచ్చేది. కింద డాక్టరు జబ్బు పేరు రాసేవారు. ఒక లావుపాటి ఫారిన్ పుస్తకంలో ఆ పేరు వెదికి, దాని నంబరు పై మూలన ఎర్ర సిరాతో వెయ్యాలి. ప్రపంచంలో ఎక్కడ ఎవరికి మలేరియా వచ్చినా ఒకటే నంబరట. అలాగైతే లెక్క తేలుతుందని వాళ్ళ ఉద్దేశం. ఆ పుస్తకంలో లేనిది లేదు. అంతరిక్ష నౌకలో ప్రమాదం జరిగితే దానికో నంబరుంది! గుంటూరు జిల్లాలో అది ఎవరికైనా వేసే యోగం నాకుంటుందేమోనని కొన్నాళ్ళు ఆశగా చూశాను. రాలేదు. కళ్ళాల్లో మిరపకాయలు తొక్కుతూ కంట్లో కారం పడి, కొంగుతో కళ్ళు మూసుకుని వచ్చే ఆడకూలీలు మాత్రం రోజూ ఉండేవాళ్ళు. వాళ్ళ కోసం ఆ పుస్తకం రాసినవాళ్ళు ప్రత్యేకంగా ఏమీ ఆలోచించలేదు. ‘కంట్లో ఏదో పడింది’ అన్నదాని కిందే అందరినీ తోసేదాన్ని.

మా రికార్డు ఆఫీసరు గారు మహా పద్ధతి గల మనిషి. భోజనానికి లేస్తూ కుర్చీని బల్ల కిందికి తోసి, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కొచ్చి ఇంకొంచెం తోసేవారు. నంబరు లేని కాగితం బీరువాలోకి పోకూడదని ఆయన రూలు. నంబరు రోగి చేతి కార్డు మీద కూడా ఉండాలని ఇంకో రూలు. అసలు మా కష్టాలు ఆ రెండో రూలుతోనే మొదలయ్యాయి.

మా మరిది టీచరు ట్రైనింగు చేసి చాలా ఏళ్ళుగా ఖాళీగా ఉన్నాడు. ఖాళీ అంటే బొత్తిగా ఖాళీ కాదు. మిర్చి రోజుల్లో కళ్ళం దగ్గర నిలబడి టిక్కీలు, అంటే మిరపకాయలు తొక్కి కుట్టిన గోతాలు, లెక్క చూసేవాడు. పత్తి రోజుల్లో పత్తి బోరేలు, అంటే పెద్ద మూటలు. పెళ్ళి సంబంధాలొస్తే ‘అబ్బాయి ఏం చేస్తాడు’ అనగానే మా అత్తగారికి దగ్గొచ్చేది. అలాంటివాడికి ఆ ఏడు క్రిస్మస్ పండగ వెళ్ళాక ఒక ఆర్డరు వచ్చింది. ప్రకాశం జిల్లాలో, చీరాల అవతల, ఒక మిషను బడిలో టీచరు ఉద్యోగం. షరతు ఒక్కటే. మా ఆసుపత్రి డాక్టరు చేత ఆరోగ్యంగా ఉన్నాడని సర్టిఫికెట్టు తీసుకుని జనవరి నెలాఖరులోగా చేరాలి. చేరకపోతే ఉద్యోగం రెండో అతనికి పోతుంది. ఆ రెండో అతను ఎవరో మాకు తెలీదు గానీ, మా అత్తగారి ప్రార్థనలో రోజూ ఉండేవాడు. “ప్రభువా, అతనికి కూడా మంచి ఉద్యోగం ఇవ్వు, వేరే ఊళ్ళో ఇవ్వు” అనేది.

మనిషి చూస్తే ఇనుప దూలంలా ఉండేవాడు. సర్టిఫికెట్టుకి ఏం అడ్డం? రక్తం ఒకసారి చూసి సంతకం పెడతానంది డాక్టరమ్మ. పొద్దున్నే పరగడుపున రమ్మంది. నా డ్యూటీ పెందలాడే కాబట్టి నేను మొదటి ప్యాసింజరు బండికి వెళ్ళిపోయేదాన్ని. అతను తర్వాత బస్సులో వచ్చి రక్తమిచ్చి పోయాడు.

మధ్యాహ్నం డాక్టరమ్మ నన్ను పిలిచింది. “మీ మరిదికి రక్తంలో షుగర్ ఉండాల్సినదానికంటే ఎక్కువుందమ్మా. మనిషిలో ఏ లక్షణమూ లేదు. ఈ ఒక్కదాన్ని పట్టుకుని జబ్బని అనలేను. వచ్చే వారం మళ్ళీ తీద్దాం” అంది. షీటు మీద జబ్బు పేరుండాల్సిన చోట ఏదో రాసి, పక్కన పెద్ద ప్రశ్నార్థకం పెట్టింది.

ఆ షీటు తిరిగి తిరిగి నా బల్ల మీదికే వచ్చింది. ఆఫీసరు గారు నా వెనకే నిలబడ్డారు.

“ఏం నంబరేశావమ్మా?”

“డాక్టరమ్మ ప్రశ్నార్థకం పెట్టారండి.”

“ప్రశ్నకి నంబరుండదు. జబ్బుకే ఉంటుంది.”

“జబ్బని ఆవిడ అనలేదండి.”

“అయితే ఆరోగ్యమా?”

“అదీ అనలేదండి.”

“మరేంటమ్మా ఆ మనిషి, మధ్యలో?”

నా మరిది మధ్యలో వేలాడకూడదని పేజీలన్నీ తిప్పాను. దొరికింది. రక్తపరీక్షలో తేడా ఉంది గానీ జబ్బేంటో తేలలేదు అనేవాళ్ళకి ఒక చోటుంది. ఏడొందల తొంభై. ఆఫీసరు గారి మొహం వెలిగిపోయింది. “చూశావా! తెలీనిదానికి కూడా నంబరిచ్చారు. ఎంత పద్ధతైన మనుషులు!” అన్నారు. కార్డు మీద కూడా ఎర్ర సిరాతో తనే స్వయంగా వేశారు, ముత్యాల్లాంటి అంకెలు.

ఆ సాయంత్రం మా ఇంటావిడ, అంటే మేమద్దెకున్న ఇంటి యజమానురాలు, మేడ మీద ఆరబోసిన మిరపకాయలు ఎత్తి కిందికొచ్చింది. పదెకరాల రైతు భార్య. మనిషి ఎంతో గొంతూ అంతే. మా మరిది ఆమెని పిన్నీ అనేవాడు.

“ఏవయ్యా, ఏం జబ్బన్నారు?”

“పేరు లేదు పిన్నీ. నంబరుంది. ఏడొందల తొంభై.”

“ఓరి దేవుడా! అంత పెద్ద నంబరా? మా మామగారు మంచాన పడి పోయినప్పుడు కూడా నంబరేవీ చెప్పలేదే!”

పక్కింటి ట్రాక్టరు డ్రైవరు గోడ మీంచి తొంగి చూశాడు. “ఎంతకి? వెయ్యికా? వెయ్యికి ఏడొందల తొంభై అంటే ఫస్టు క్లాసేగా!”

“నీ మొహం! జబ్బులో ఫస్టు క్లాసొస్తే పాడె ఎక్కుతారురా” అంది ఇంటావిడ.

నేను సర్ది చెప్పబోయాను. “అది మార్కులు కాదు పిన్నిగారూ. ఉత్త నంబరు. బస్సుకుంటుందే, అలాంటిది.”

“అయితే అమ్మాయ్, ఈ బస్సు ఎక్కడికి పోతుంది?”

అది నిజానికి డాక్టరమ్మకీ తెలీదు.

మర్నాటి నుంచి అతనికి వీధిలో గౌరవం పెరిగింది. పంపు దగ్గర బిందె ముందు పెట్టనిచ్చేవాళ్ళు. అరుగు మీద చోటిచ్చేవాళ్ళు. కాకరకాయ రసం తాగమని ఒకరు, మెంతులు నమలమని ఒకరు. ఇవన్నీ విని విని అతనికే అనుమానం పట్టుకుంది. షుగరుంటే దాహమేస్తుందని ఎవరో చెప్పారు. దాహమేస్తోందా లేదా అని చూసుకోవడానికి చెంబులకి చెంబులు నీళ్ళు తాగేవాడు. తాగినవి ఊరుకోవుగా. మాటిమాటికీ దొడ్లోకి పరుగు. “చూశావా వదినా, ఆ లక్షణం కూడా వచ్చేసింది” అనేవాడు, గెలిచినట్టు.

రెండోసారి రక్తం తీశారు. మొదటిసారి కన్నా ఎక్కువొచ్చింది. లాబులో పనిచేసే ఆయన అడిగాడట, “పరగడుపేనా?” అని. “ఔనండీ, రాత్రి అన్నం తిన్నదే” అన్నాడట మా మరిది. నేనూ ఇంటికొచ్చి అడిగాను, నాతోనూ అదే చెప్పాడు. అబద్ధమాడే మనిషి కాదు.

డాక్టరమ్మ పెన్ను బల్ల మీద తడుతూ కూర్చుంది. “ఇంకొక్కసారి చూస్తానమ్మా. ఈసారీ ఇలాగే ఉంటే షుగర్ వ్యాధి అని రాసెయ్యాల్సిందే. సర్టిఫికెట్టు ఇవ్వలేను” అంది.

ఇంటికొచ్చి మెల్లిగా చెప్పాను. ఇంటావిడ వరండాలో కూర్చుని అంతా వింది.

“షుగర్ అని తేలితే ఏ నంబరు ఇస్తారే?”

“రెండొందల యాభై పిన్నిగారూ.”

“తగ్గిందిగా! ఏడొందల తొంభై నుంచి రెండొందల యాభైకొస్తే ఇంకా ఏడుపు దేనికి?” అని లేచి, వీధంతా ఆ శుభవార్త చెప్పడానికి పోయింది. ట్రాక్టరు డ్రైవరు వచ్చి మా మరిది భుజం తట్టి, ఇంకో నెల కష్టపడితే సున్నాకి దిగొచ్చని ధైర్యం చెప్పి వెళ్ళాడు.

మా అత్తగారు మాత్రం ఆ రాత్రి అన్నం ముట్టలేదు. “వాడికింక ఈ ఉద్యోగం కూడా రాకపోతే జీవితమంతా టిక్కీల పక్కన నిలబడాల్సిందేనే” అంది. ఆ ఒక్క మాట మాత్రం నవ్వొచ్చే మాట కాదు నాన్నా. నెలాఖరు ముంచుకొచ్చేసింది. మూడో పరీక్షకి నేనే దగ్గరుండి తీసుకెళ్దామని సెలవు పెట్టాను.

అలా సెలవు పెట్టబట్టే, అతను పరీక్షకి వెళ్ళే పొద్దుట నేను మొదటిసారి ఇంట్లో ఉన్నాను.

స్నానం చేసి తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. మా అత్తగారు తలమీద చెయ్యేసి ప్రార్థన చేసింది. ఆమెన్ అనగానే గ్లాసెడు టీ చేతిలో పెట్టింది. పాలల్లో చక్కెర కలిపి, దాన్లో ఆకు చూపించినట్టుంటుంది ఆవిడ టీ. నేను వద్దనేలోపు గటగటా తాగేశాడు. గుమ్మం దాటగానే ఇంటావిడ వెండిగిన్నెతో ఎదురొచ్చింది. గడ్డపెరుగు, దాని మీద తెల్లగా పంచదార. “నోరు తెరువు” అంది. తెరిచాడు. అరుగు దగ్గర డ్రైవరు భార్య అరిసె పట్టుకుని నిలబడింది. ఆ పక్కింటివాళ్ళు కజ్జికాయ. మూలింటి ముసలామె చలిమిడి ముద్ద. మొదటిసారి ఒక్క పెరుగూ పంచదారతో మొదలైందట. రిపోర్టు బాగా రాలేదని రెండోసారి వీధిలో ఇంకొందరు శకునానికి తీపి పెట్టారు. రెండోదీ బాగా రాలేదు కాబట్టి మూడోసారి వీధి వీధంతా నిలబడింది.

నేను వీధి మధ్యలో నిలబడి నెత్తి పట్టుకున్నాను. “ఇవాళ బస్సు రాదట, వెనక్కి పద” అని అతని చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కొచ్చి తలుపేశాను.

“ఏం తినలేదన్నావే!”

“ఏం తిన్నాను వదినా?” అన్నాడు, నోట్లో చలిమిడి పెట్టుకుని.

మా అత్తగారు నా మీద విరుచుకుపడింది. “తినడమేంటే? నోరు తీపి చేసి పంపించాం. మంచిపనికి పోయేవాణ్ణి చేదు నోటితో పంపిస్తామా? మేమేం అన్యులమా?”

“మరి అరిసె అత్తయ్యా?”

“అది వాళ్ళ తృప్తి. వాడి కడుపుకీ దానికీ సంబంధమేంటి?”

నిదానంగా కూర్చోబెట్టి చెప్పాను. పరగడుపంటే మంచినీళ్ళు తప్ప ఏదీ నోట్లో పెట్టకూడదు, తీపి అసలు పెట్టకూడదు, ఆ తీపే రక్తంలో కనిపిస్తోంది అని. ఆవిడ ఖాళీ టీ గ్లాసు తీసి పక్కన పెట్టింది. “అయితే వాడికేం లేదా?” అంది. లేకపోవచ్చన్నాను. కళ్ళు తుడుచుకుంది. తర్వాత తెలివిగా అడిగింది, “నేను మానేస్తాను. వీధిని ఎవరు మాన్పిస్తారు?”

అక్కడొచ్చింది చిక్కు. ఇంటావిడ గిన్నె కాదని దాటి వెళ్ళడం మాటలా? ఆవిడ చేతి పెరుగు తిని వెళ్ళినవాళ్ళు పంట అమ్మినా, కోర్టుకెళ్ళినా, పెళ్ళిచూపులకెళ్ళినా గెలుచుకునే వచ్చారని నల్లపాడంతా చెప్పుకునేది. వద్దంటే జీవితాంతం ఆవిడ మనసులో ముల్లు. పైగా ఉద్యోగం తప్పిపోతే అందుకేనంటారు. రేపొక్కరోజే ఉంది. నెలాఖరు దాన్ని ఆనుకునే ఉంది.

మా మరిదే అన్నాడు, గోడకి ఆనుకుని. “పరామర్శకి వెళ్ళేవాడికి ఎవరూ తీపి పెట్టరు కదా.”

మేమిద్దరం అతని మొహం చూశాం. నిజమే. చావింటికి పోతున్నామంటే ఎవరూ ఎదురు రారు, పలకరించరు, నోట్లో ఏదీ పెట్టరు.

“ఎవరూ పోకుండా పోయారని చెప్పమంటావురా? దేవుడికి ఏం జవాబు చెప్పను?” అంది మా అత్తగారు. అని, కొంచెం ఆగి, “వాడరేవులో మా మేనమామ పోయాడు” అంది.

“అయ్యో! ఎప్పుడత్తయ్యా?”

“నువ్వు కాపరానికి రాకముందు. అప్పుడు నాకు టైఫాయిడు, వెళ్ళలేకపోయాను. ఆ పరామర్శ అలాగే ఉండిపోయింది.”

మర్నాడు పొద్దున్న తలలు దువ్వుకోకుండా, పాత చీరలు కట్టుకుని బయటికొచ్చాం. ఇంటావిడ గిన్నెతో సిద్ధంగా ఉంది. “వాడరేవులో మా మేనమామ పోయాడు చెల్లెమ్మా” అంది మా అత్తగారు. అబద్ధం కాదు చూడు, ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. గిన్నె కొంగు చాటుకి వెళ్ళిపోయింది. అరిసె వెళ్ళిపోయింది. వీధి తలుపులన్నీ సగం మూసుకున్నాయి. మా మరిది తలొంచుకుని, ఆకలి కడుపుతో, ఉద్యోగంలో చేరినంత ఆనందంగా నడిచాడు.

బస్సు స్టాపు దగ్గరికి చేరామో లేదో, వెనక నుంచి గొంతు. “ఆగండే! అంత దుఃఖంలో మిమ్మల్ని ఒంటరిగా ఎట్లా పంపిస్తా?” ఇంటావిడ! చంకలో పెద్ద స్టీలు క్యారేజీ. “చావింట్లో పొయ్యి వెలిగించరు కదా. రాత్రి మిగిలిన అన్నంతో పులిహోర కలుపుకొచ్చా.”

బస్సులో మా మరిది పక్కనే కూర్చుంది. కూర్చోగానే క్యారేజీ మూత తీసింది. పోపు వాసన బస్సంతా. కండక్టరు కూడా తిరిగి చూశాడు.

“ఒరే అబ్బాయ్, అక్కడ ఎప్పుడు తింటావో ఏమో. రెండు ముద్దలు తిను.”

మా మరిది నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి చూశాను. అతను కళ్ళు మూసుకుని, “ముద్ద దిగడం లేదు పిన్నీ” అన్నాడు. కడుపులోంచి గుర్రుమని శబ్దమొచ్చింది.

“అయ్యో, ఎంత ప్రేమరా నీకు, ఆ పెద్దాయనంటే!” అని ఆవిడ కంటతడి పెట్టుకుంది. ఆవిణ్ణి చూసి మా అత్తగారికి నిజంగానే మేనమామ గుర్తొచ్చాడు. చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని సముద్రం చూపించేవాడట. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడుపందుకున్నారు.

గుంటూరులో దిగి, ఆసుపత్రిలో చిన్న పనుందని లోపలికి తీసుకెళ్ళాను.

“చావుకి పోతూ మధ్యలో రక్తం తీయించుకోవడమేంటే, విడ్డూరం కాకపోతే?” అంది ఇంటావిడ.

“ఇవాళ తీయకపోతే గడువు దాటిపోతుంది పిన్నిగారూ.”

“సరే, తీయించండి. ఒక చుక్క తక్కువ తీయమను, బిడ్డ ఏమీ తినలేదు.”

లాబు గుమ్మంలో ఇద్దరాడవాళ్ళు ముసుగులేసుకుని శోకాలు పెడుతుంటే, లోపల సూది పట్టుకున్నాయన చెయ్యి ఆపేశాడు. “ఒక్క సిరంజి రక్తానికి ఇంత ఏడుపేంటమ్మా?” అన్నాడు. “మీరు తియ్యండి సారూ, వాళ్ళ సంగతి వేరే” అన్నాడు మా మరిది. తీయగానే దూది మోచేతిలో నొక్కిపెట్టి, బయటికొచ్చి, క్యారేజీ లాక్కుని, గోడవైపు తిరిగి తినడం మొదలుపెట్టాడు.

“ఇందాక ముద్ద దిగదన్నావుగా?” అంది ఇంటావిడ.

“రక్తంతో పాటు దుఃఖం కూడా కొంచెం పోయింది పిన్నీ.”

అక్కడితో అయిపోతే బాగానే ఉండేది. కానీ ఇంటావిడ, “ఇంక పదండి, శవాన్ని ఎత్తేస్తారు” అని మమ్మల్ని చీరాల బస్సెక్కించింది. ఏమని ఆపుతాం? చీరాలలో బస్సు మారి, వాడరేవులో దిగి ఇసకలో నడిచేసరికి, మేనమామ భార్య గుడిసె ముందు ఎండు చేపలు తిరగేస్తూ కనిపించింది. మా అత్తగారు పరుగెత్తికెళ్ళి మెడ వాటేసుకుని బావురుమంది. ఇంటావిడ వెనకాలే. ఆ ముసలామె చేతిలో చేప పట్టుకుని బిక్కచచ్చిపోయింది.

“ఊరుకోవే పిల్లా, ఊరుకో” అంది కాసేపటికి. “ఆయన పోయాక పుట్టిన మనవడు బళ్ళోకెళ్తున్నాడిప్పుడు. ఇప్పుడేం ఏడుస్తావ్?”

ఇంటావిడ ఏడుపు టక్కున ఆగిపోయింది. కళ్ళు తుడుచుకుని నన్ను చూసింది, మా మరిదిని చూసింది. “ఏంటే ఇదంతా?”

చెప్పక తప్పలేదు. పెరుగూ పంచదారా, అరిసే, రక్తం, అన్నీ చెప్పాను. ఆవిడ సముద్రం వైపు తిరిగి కూర్చుంది.

“నా చేతి పెరుగువల్లా వాడి ఉద్యోగం పోవాల్సింది?” అంది, ఇటు తిరక్కుండానే.

“మీ ఒక్కరిదే కాదు పిన్నిగారూ...”

“నా ఒక్కదాని పేరే చెప్పవే. మిగతావాళ్ళ చేతులకంత గుణం లేదు” అని లేచింది. “ముందే చెప్పుంటే ఉప్పేసిన మజ్జిగ పోసేదాన్నిగా! అది కూడా శకునమేనని నేనంటే ఎవరు కాదంటారు?”

మజ్జిగ కూడా వద్దని చెప్పే ధైర్యం నాకు లేదు. ముసలామె మాకందరికీ వేడివేడిగా చేపల పులుసు వండి పెట్టింది. అంత ఆలస్యంగా వచ్చినా పరామర్శ పరామర్శేనని, పోయినాయన సంగతులు చెప్తూ ఆ పూటంతా కూర్చోబెట్టింది.

మర్నాడు డాక్టరమ్మ రిపోర్టు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. రక్తం శుభ్రంగా ఉంది. మొదటి రెండుసార్లూ ఎందుకలా వచ్చిందో చెప్పాను. బల్ల మీద తలపెట్టి నవ్వింది. నవ్వి నవ్వి లేచి, సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టింది.

ఆఫీసరు గారు మాత్రం నవ్వలేదు.

“ఏడొందల తొంభై ఎక్కడికి పోయిందమ్మా?”

“అది జబ్బు కాదటండి. ఆరోగ్యంగానే ఉన్నాడు. ఉద్యోగం కోసం పరీక్షకొచ్చిన ఆరోగ్యవంతులకి కూడా ఈ పుస్తకంలో నంబరుందండి, ఇదిగో.”

“అది తర్వాతి సంగతి. ముందు జబ్బుండాలి, తర్వాత నయం కావాలి. జబ్బే లేనివాడికి నయమెలా అవుతుంది? పోనీ, చచ్చిపోయాడా అంటే అదీ లేదు. మరి ఈ కాగితం నేనెలా మూసెయ్యను?”

ఆయన బాధ చూస్తే నిజంగా జాలేసింది. చివరికి డాక్టరమ్మే లేచొచ్చి, ఆ షీటు తీసుకుని, ప్రశ్నార్థకం కొట్టేసి పక్కన ‘తిని వచ్చాడు’ అని ఇంగ్లీషులో రాసి ఇచ్చింది. దానికి నంబరు వెదకమన్నారు ఆఫీసరు గారు. నేను రిటైరయ్యేదాకా దొరకలేదు.

మా మరిది ఆ కాగితం చొక్కా జేబులో కాదు, బనీను లోపల పెట్టుకుని అదే రోజు బండెక్కాడు. బడికి చేరేసరికి మధ్యాహ్నం గంట కొడుతున్నారట. నెలలో ఆఖరి రోజది. హెడ్మాస్టరు గారు వరండాలో నడుం పట్టుకుని నిలబడి ఉన్నారట. ఇతను సర్టిఫికెట్టు తీసి ఇచ్చాడు. ఆయన మడత కూడా విప్పలేదు.

“ఆరోగ్యమేనా?”

“ఆరోగ్యమేనండి.”

“హమ్మయ్య. రేపు ఇన్‌స్పెక్షను. ఆ గదిలో బెంచీలన్నీ ఈ గదిలోకి రావాలి. రండి, ఆ చివర మీరు పట్టుకోండి. ఈ చివర ఎవరైనా వస్తారేమో చూద్దాం.”

ఎవరూ రాలేదట. సాయంత్రం దాకా ఒక్కడే బెంచీలు లాగాడట. ఆదివారం ఇంటికొచ్చి, అరిచేతులు బొబ్బలెక్కినవి మా అత్తగారికి చూపించి, “టీచర్నయ్యానమ్మా” అన్నాడు.